నెల తప్పింది... కానీ గర్భం కాదు!

పెళ్ళయి ఆరేళ్ళయింది. ఒక ఆడపిల్ల. మూడేళ్ళ క్రితం ఆమెకు స్కిజోఫ్రీనియా వచ్చింది. ఇరుగుపొరుగు తన గురించే గుసగుసలాడుకుంటున్నారని, కూరలో ఎవరో మందు కలుపుతున్నారని అనుమానం. అన్నం మానేసింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. గోడకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, చివరికి డాక్టరుకు చూపించారు. మందులు పని చేశాయి. మాటలు వినిపించడం తగ్గింది. పిల్లకు జడ వేస్తోంది, వంటింట్లోకి వస్తోంది. ఇంటిల్లిపాదీ అమ్మయ్య అనుకున్నారు.

అంతలో కోడలికి నాలుగు నెలలుగా ముట్టు రావడం లేదన్న సంగతి అత్తగారు కనిపెట్టింది. ఒకనాడు రవికె మీద తడి మరక. చూస్తే పాలు! కొడుకు దుబాయి వెళ్ళి ఎనిమిది నెలలయింది. ఇక ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

పేర్లూ ఊళ్ళూ మారి ఈ కథ నా దగ్గరకు చాలాసార్లే వచ్చింది. గర్భ పరీక్ష చేయిస్తే గర్భం ఉండదు. రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎంత ఉందో చూస్తే, ఉండవలసినదానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ పిల్ల చేసిన నేరమల్లా డాక్టరు రాసిచ్చిన మాత్ర పూట తప్పకుండా మింగడమే.

స్కిజోఫ్రీనియా శాపమూ కాదు, గాలీ ధూళీ కాదు, మెదడుకు వచ్చే జబ్బు అని ఈనాడు చాలామందికి తెలుసు. ప్రపంచం మొత్తంమీద సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది కొన్నేళ్ళు ఆలస్యంగా బయటపడుతుంది. మన దేశంలో అప్పటికి చాలామందికి పెళ్ళయి, బిడ్డలు కూడా పుట్టి ఉంటారు. అంటే జబ్బూ కాపురమూ కలిసి నడవాలన్నమాట. అయినా ఆ స్త్రీని ముట్టు గురించి గాని, కోరిక గురించి గాని, పక్క మీద పడే బాధ గురించి గాని అడిగే నాథుడుండడు. ఆస్పత్రి ఓ.పి.లో చాలాచోట్ల “నిద్ర పడుతోందా? అన్నం తింటోందా? మాటలు వినిపిస్తున్నాయా?” అని మూడు ప్రశ్నలతో సరి. అవి కూడా పక్కన నిలబడ్డ భర్తనో తల్లినో అడుగుతారు. నాలుగో ప్రశ్న రాదు. ఆమె తనంతట తాను చెప్పదు. పిచ్చిదానికి సిగ్గు కూడా లేదంటారేమోనని భయం.

పాలు ఎందుకు వస్తాయి?

మెదడు అడుగున పిట్యూటరీ అని బఠానీ గింజంత గ్రంథి ఒకటి ఉంది. ప్రొలాక్టిన్ తయారయ్యేది అక్కడే. బాలింతకు పాలు పడేది దీనివల్లనే. మామూలు రోజుల్లో ఈ హార్మోను ఎక్కువగా రాకుండా డోపమైన్ అనే మరో రసాయనం కాపలా కాస్తూ ఉంటుంది.

స్కిజోఫ్రీనియా మందులు పనిచేసేది ఈ డోపమైన్ మీదనే. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజీన్ వాడడం మొదలుపెట్టిన నాటినుంచి ఇప్పటివరకు వాడుకలో ఉన్న మందులు దాదాపు అన్నీ డోపమైన్‌ను అడ్డుకునేవే. మెదడులో ఒకచోట అడ్డుకుంటే భ్రమలు, మాటలు తగ్గుతాయి. కానీ ‘నువ్వు అక్కడే పని చెయ్యి, ఇటువైపు రాకు’ అని మందుకు చెప్పగల వీలు లేదు కదా! పిట్యూటరీ దగ్గర కూడా డోపమైన్‌ను అడ్డుకుంటుంది. కాపలావాడు పక్కకు తప్పుకునేసరికి ప్రొలాక్టిన్ పెరిగిపోతుంది.

పాలిచ్చే తల్లికి కొన్నాళ్ళపాటు ముట్టు రాదని మన అమ్మమ్మలందరికీ తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే. తేడా అల్లా ఒళ్ళో బిడ్డ లేకపోవడమే. ప్రొలాక్టిన్ పెరిగితే అండాశయాలకు మెదడునుంచి వెళ్ళే ఆజ్ఞలు మందగిస్తాయి. అండం విడుదల కాదు. ఈస్ట్రోజన్ తగ్గుతుంది. దాంతో ముట్టు ఆగుతుంది, లేదా రెండు మూడు నెలలకోసారి వస్తుంది. యోనిలో తడి తగ్గి కలయిక సమయంలో మంట, నొప్పి పుడతాయి. కోరిక తగ్గిపోతుంది. ఇదే స్థితి ఏళ్ళ తరబడి సాగితే ఎముకలు గుల్లబారతాయి. నలభై ఏళ్ళకే జారిపడి మణికట్టు విరిగిందంటే ఆమె ఏ మందులు ఎన్నేళ్ళుగా వాడుతోందో అడగడం అవసరం.

అన్ని మందులూ ఒకే రకం కాదు. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, ఆమిసల్‌ప్రైడ్ – ఇవి ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. పాతవాటిలో హాలోపెరిడాల్ వంటివి కూడా పెంచుతాయి. ఓలాంజపిన్ కొద్దిగా పెంచుతుంది. క్వెటియాపిన్, క్లోజపిన్‌లతో ఈ బెడద చాలా తక్కువ. అరిపిప్రజోల్ పెంచకపోగా, తగ్గిస్తుంది కూడా. అయితే ఈ పేర్లు పట్టుకుని మందుల షాపుకు పరుగెత్తకండి సుమా! ప్రొలాక్టిన్ పెంచని మందు కొందరికి బరువును, చక్కెరను పెంచవచ్చు. కొందరికి రిస్పెరిడోన్ తప్ప మరొకటి పట్టకపోవచ్చు. ఏది ఎవరికి సరిపడుతుందో చూసేది డాక్టరే.

ఇంకో చిన్న సంగతి. మన వాళ్ళకు కడుపుబ్బరానికి, గ్యాసుకు మాత్రలు వేసుకోవడం బాగా అలవాటు. ఆ మాత్రల్లో కొన్నింటిలో లెవోసల్‌పిరైడ్ గాని, డోంపెరిడోన్ గాని కలిసి ఉంటాయి. ఇవి కూడా ప్రొలాక్టిన్‌ను పెంచేవే. మానసిక వ్యాధి పేరైనా ఎరగని గృహిణికి పాలు వస్తున్నాయంటే కారణం ఒక్కొక్కప్పుడు ఈ గ్యాసు మాత్రే అవుతుంది. స్కిజోఫ్రీనియా మందుకు ఇది తోడైతే ఇక చెప్పేదేముంది! అందుకని డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.

మాత్ర మాత్రం మానకండి

ఇదంతా చదివిన చెల్లెలెవరైనా ‘ఓహో, దీనికంతటికీ కారణం మాత్రే అన్నమాట’ అని ఈ రాత్రినుంచే దాన్ని కిటికీలోంచి పారేస్తుందేమోనని నా భయం. అలా చేసినవారిని చూశాను. మాత్ర మానేస్తే ముట్టు వచ్చింది. ఇంట్లోవాళ్ళు సంతోషించారు. మూడు నెలలు తిరక్కుండా మాటలు కూడా తిరిగి వచ్చాయి. ఈసారి ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. తిరగబెట్టిన జబ్బు మొదటిసారి లొంగినంత తేలిగ్గా అన్నిసార్లూ లొంగదు.

చేయవలసినది వేరు. ముందుగా గర్భ పరీక్ష చేయించాలి. ఇది అనుమానంతో కాదు, ముట్టు ఆగిన ఏ స్త్రీకైనా చేసేదే. తర్వాత ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు. ప్రొలాక్టిన్ సాధారణంగా మిల్లీలీటరు రక్తంలో 25 నానోగ్రాములు దాటకూడదు. నిద్ర లేవగానే, భయంగా ఆందోళనగా ఉన్నప్పుడు అది మామూలుగానే పెరిగి ఉంటుంది. అందుచేత లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు నెమ్మదిగా కూర్చోబెట్టి రక్తం తీయడం మంచిది. పెరిగి ఉంటే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, లేక అరిపిప్రజోల్ కొద్ది మోతాదులో జతచేయవచ్చు. నెలకోసారి ఇంజక్షన్ తీసుకుంటున్నవారికి మార్పు కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది, తొందరపడకూడదు. ప్రొలాక్టిన్ మరీ హెచ్చుగా ఉన్నా, తలనొప్పి వదలకుండా ఉన్నా, చూపు పక్కల మసకబారినా పిట్యూటరీలో గడ్డ ఉందేమోనని ఎం.ఆర్.ఐ. తీయించాలి.

పాలు రెండు రొమ్ములనుంచీ తెల్లగా వస్తే చాలావరకు మందువల్లనే. ఒక రొమ్మునుంచే వస్తున్నా, రక్తం కలిసినా, గడ్డ చేతికి తగిలినా సర్జనుకు చూపించాలి. ప్రొలాక్టిన్ పెంచే మందులు అయిదేళ్ళకు పైబడి వాడినవారిలో రొమ్ము క్యాన్సరు కొంత ఎక్కువగా కనబడినట్లు ఫిన్లండు పరిశోధకులు 2021లో ప్రకటించారు. దీనికి బెదిరి మందు మానడం కాదు, ఏడాదికోసారి రొమ్ములు చూపించుకోవాలి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఇంట్లో ఆడవాళ్ళందరినీ క్యాంపుకు తీసుకెళ్ళి, ఈమెను మాత్రం ‘దీనికెందుకులే’ అని వదిలేయడం నేను చూస్తూనే ఉన్నాను.

ఆమె ఇష్టం సంగతి

“డాక్టరమ్మా, రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకుంటుంది, తొమ్మిదింటికల్లా మొద్దునిద్ర. నేను మనిషిని కానా?” అని ఒక భర్త. “అతను దగ్గరకొస్తే ఒళ్ళు మొద్దుబారినట్టుంటుందండీ, ఏమీ తెలియదు” అని ఒక భార్య. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కోరిక తగ్గడానికి మందు ఒక కారణం. దేనిమీదా ఉత్సాహం లేకపోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఉంది, అదొక కారణం. దిగులు, పెరిగిన బరువు, తన ఒళ్ళంటే తనకే రోత – ఇవి వేరే. కానీ కోరికే ఉండదనుకోవడం పొరపాటు. ఈ జబ్బున్న స్త్రీలలో చాలామంది ముద్దూ మురిపెం అందరిలాగే కోరుకుంటారు. మాత్ర వేళ మార్చడంతోనే కొన్ని కాపురాలు చక్కబడ్డాయి. తడి తగ్గి నొప్పి పుడుతుంటే నీటితో తయారైన జెల్లీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, వాడుకోవచ్చు. కొబ్బరినూనె చాలామంది వాడతారు గాని, నిరోధ్ వాడేవారు నూనె జోలికి పోకూడదు. రబ్బరు చిరుగుతుంది.

ఇక కటువుగా చెప్పవలసిన మాట ఒకటుంది. పెళ్ళాం మతి సరిగా లేదు కనుక ఆమె కాదనడాన్ని లెక్కచేయనక్కరలేదనుకునే మగవాళ్ళున్నారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో చేరిన 146 మంది స్త్రీలను అక్కడి పరిశోధకులు మెల్లగా అడిగి చూస్తే, సుమారు మూడోవంతు మంది తమపై లైంగికంగా బలవంతం జరిగిందని చెప్పారు. 2003లో అచ్చయిన సంగతి ఇది. బలవంతం చేసినవారిలో భర్తలున్నారు, తెలిసినవారున్నారు, బంధువులున్నారు. ‘భ్రమలో ఏదో వాగుతోంది’ అని కొట్టిపారేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఆమె చెప్పే పది మాటల్లో తొమ్మిది భ్రమ అయినా పదోది నిజం కావచ్చు. డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. 2005 నాటి గృహహింస చట్టం కింద లైంగిక హింస కూడా రక్షణ కోరడానికి తగిన కారణమే. సాయం కోసం 181కి ఫోను చేయవచ్చు.

పెళ్ళి చేస్తే కుదురుతుందనే మాట గురించి రెండే ముక్కలు. కుదరదు. పైగా జబ్బు సంగతి దాచి పెళ్ళి చేస్తే, కొత్త కోడలు అత్తింట్లో మాత్ర ఎలా వేసుకుంటుంది? వారం తిరక్కుండా మానేస్తుంది. అలాగని స్కిజోఫ్రీనియా అన్న పేరు వినబడగానే విడాకులు వచ్చేస్తాయనీ అనుకోకండి. జబ్బు పేరు కాదు, దాని తీవ్రత ఎంత అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో ఒక తెలుగు దంపతుల కేసులోనూ అదే మాట చెప్పి భర్తకు విడాకులు నిరాకరించింది.

గర్భసంచి తీయిస్తే?

ఇది తల్లులు అడిగే ప్రశ్న. “ముట్టు వచ్చినా శుభ్రం చూసుకోదు, ఎవడైనా ఏమైనా చేస్తాడని భయం. తీయించేస్తే పీడా వదులుతుంది కదమ్మా!” అంటారు. ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. చిన్నవయసులోనే గర్భసంచి తీయించుకోవడం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎంత మామూలైపోయిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే తెలుస్తుంది. దేశంలో మనమే ముందువరసలో ఉన్నాం. కానీ గర్భసంచి తీస్తే బలవంతం ఆగుతుందా? ప్రొలాక్టిన్ తగ్గుతుందా? రెండూ జరగవు. గర్భం ఒక్కటే రాదు, అంటే జరిగిన అఘాయిత్యం బయటపడే దారి కూడా మూసుకుపోతుంది. మానసిక వ్యాధికి చికిత్స అనే పేరుతో స్త్రీకైనా పురుషుడికైనా సంతానం కలగకుండా ఆపరేషన్ చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆస్పత్రిలో ఉన్న స్త్రీకి ముట్టు సమయంలో కావలసిన గుడ్డలు, ప్యాడ్లు ఇవ్వవలసిందేనని కూడా అదే చట్టంలో ఉంది. ముట్టు శుభ్రం నేర్పితే చాలామంది నేర్చుకుంటారు. జబ్బు ముదిరినప్పుడు మరిచిపోతారు, తగ్గితే మళ్ళీ గుర్తు చేయాలి.

గర్భం వద్దనుకుంటే దారులు వేరే ఉన్నాయి. ఇక్కడ అసలు ప్రమాదం చెబుతాను, దీన్ని మరిచిపోవద్దు. మందువల్ల ముట్టు ఆగినన్నాళ్ళూ అండం రాదు కనుక దంపతులు ఏ జాగ్రత్తా తీసుకోరు. రెండేళ్ళు అలా అలవాటు పడతారు. డాక్టరు మందు మారుస్తాడు. అండం విడుదల మొదలవుతుంది. ముట్టు కంటే అండం ముందు వస్తుందన్నది ఎవరికీ తట్టదు. మొదటి ముట్టు రాకుండానే గర్భం నిలుస్తుంది! అందుచేత మందు మార్చే రోజే గర్భనిరోధం సంగతి కూడా మాట్లాడుకోవాలి. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టమైతే కాపర్-టి మంచిది. పదేళ్ళ వరకు పనిచేసేవి ఉన్నాయి, మానసిక మందులతో పేచీ లేదు. మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజక్షను 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, కాని దానివల్ల ఎముకల పటుత్వం కొంత తగ్గవచ్చు. ప్రొలాక్టిన్ ఎక్కువున్నవారికి రెండూ కలిసి నష్టం. నోటి మాత్రలు వాడేవారు కార్బమజెపిన్ కూడా వాడుతుంటే అవి సరిగా పనిచేయవు. ఏ పద్ధతి అన్నది ఆమెకు చెప్పి, ఆమెను అడిగి నిర్ణయించాలి.

బిడ్డ కావాలనుకుంటే

ఎందుకు వద్దనాలి? తల్లికి స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు పది. అంటే తొంభై మందికి రాదు. గర్భం నిలిచాక ఆదుర్దాగా వచ్చేకంటే ఆరు నెలలు ముందుగా రండి. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టవచ్చు, మందులు సరిచూడవచ్చు. వాల్‌ప్రొయేట్ వాడుతుంటే ముందే మార్చాలి. బిడ్డ వెన్నెముకకు, తెలివికి అది హాని చేస్తుంది. మిగతా స్కిజోఫ్రీనియా మందుల్లో చాలావాటిని గర్భంతో ఉండగా కొనసాగించవచ్చు. నెల తప్పిందని తెలిసిన రోజున అన్నీ ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. చక్కెర, బరువు మాత్రం తరచు చూసుకోవాలి.

క్లోజపిన్ వాడే తల్లి పాలివ్వకూడదు. మిగతా మందులతో చాలావరకు ఇవ్వవచ్చు, బిడ్డ మత్తుగా పడుకుని పాలు తాగకపోతే వెంటనే చెప్పాలి. నలభై అయిదు దాటి ముట్లు ఆగే రోజుల్లో ఈస్ట్రోజన్ తగ్గి, ఏళ్ళుగా నెమ్మదిగా ఉన్న జబ్బు మళ్ళీ తల ఎత్తవచ్చు. అప్పుడూ డాక్టరును కలవండి. నోటితో చెప్పడానికి సిగ్గయితే ఆఖరి ముట్టు తేదీ, పాలు, నొప్పి, కోరిక – నాలుగూ చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఎవరిని అడగాలో తెలియనివారు 14416కు ఫోను చేస్తే చాలు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు అది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

కాన్పయిన మొదటి నెల అన్నిటికంటే గడ్డుకాలం. హార్మోన్లు పడిపోతాయి, నిద్ర ఉండదు, జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అప్పుడే. పుట్టింటివాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పత్యం, సాంబ్రాణి పొగ మీ ఇష్టం. రాత్రి పదినుంచి తెల్లవారుజామున నాలుగు దాకా బిడ్డను అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టండి. పిండి ఉంచిన పాలు గాని, డాక్టరు చెప్పిన డబ్బా పాలు గాని అమ్మమ్మే పట్టాలి. బాలింత గదిలో దీపం ఆర్పి తలుపు దగ్గరగా వేసి ఉంచండి.